‘మావరిక్’ అంటే అచ్చోసిన ఆంబోతేనా?

పాలపిట్ట:
ఒక వెస్టర్న్ నవల అనువాదం దిద్దుతున్నాను. 1880ల చివర, అమెరికా పశ్చిమాన వయోమింగ్‌లో జరిగే కథ. పెద్ద మందల యజమానులు ఒక చిన్న రైతును పట్టుకుని చెట్టు కిందికి తెస్తారు. అతని మీద మోపిన నేరం ఒక్కటే, మావరిక్‌లకు తన ముద్ర వేసుకున్నాడని. చిత్తుప్రతిలో ‘అచ్చోసిన ఆంబోతులకు ముద్ర వేశాడు’ అని పడింది. నానుడి మనదే కానీ వాక్యం నిలబడటం లేదు. అచ్చోసినదానికి మళ్లీ ముద్రేమిటి? అంతమాత్రానికి ఉరి ఎందుకో కూడా పాఠకుడికి అందదు. ఏం పెడితే బాగుంటుంది?

నల్లరేగడి:
పాలపిట్ట గారూ, ఆ నానుడి అక్కడ ఉండకూడదు. అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. మన ఆంబోతుకు అచ్చు పడింది కాబట్టే అది ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. వృషోత్సర్గంలో కోడెకు త్రిశూలం, చక్రం గుర్తులు కాల్చి వేసి వదిలేస్తారు. ఆ అచ్చు చూసి ఇది ఎవరి సొత్తూ కాదని ఊరు గుర్తుపడుతుంది. చేలో పడినా కొట్టరు, కాడికి కట్టరు. మావరిక్ అంటే ఎవరి ముద్రా లేని పశువు, అది తిరిగేది అచ్చు పడక. దాని ఒంటి మీద ఎవరి ఇనుము ముందు తగిలితే వాళ్లదవుతుంది. మన అచ్చు పశువును యజమాని చేతిలోంచి విడిపిస్తుంది, వాళ్ల అచ్చు యజమాని చేతికి అప్పగిస్తుంది.

మాట పుట్టింది టెక్సాస్‌లో. శామ్యూల్ మావరిక్ శాన్ ఆంటోనియోలో లాయరు, 1836 నాటి టెక్సాస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. బాకీ కింద ఆయనకు 400 పశువులు వచ్చాయి. ఆయన ధ్యాస భూముల మీద. మందను చూసేవాళ్లు దూడలకు ముద్రలు వేయకుండా వదిలేశారు. ముద్ర లేని దూడ కనబడితే ‘మావరిక్‌ది’ అనడం చుట్టుపక్కల అలవాటైంది. 1856లో ఆయన మంద అమ్మేశాడు, మాట మాత్రం మిగిలిపోయింది. ఎవరికీ లొంగని మనిషి అన్న అర్థం తర్వాత పుట్టింది. మీ నవలలో కాపరి నోట వచ్చేది దూడే.

కృష్ణాతీరం:
ఉరి ఎందుకన్నదానికి జవాబు 1884 నాటి చట్టంలో ఉంది. అది తెలియకుండా ఈ తరహా నవలల్లో సగం గొడవలు అర్థం కావు.

కంచెలు లేని మేత బయళ్లు. పదిమంది పశువులూ కలగలిసి మేస్తాయి. వసంతంలో కాపరులందరూ కలిసి వాటిని ఒకచోటికి తోలుకొస్తారు, అదే రౌండప్. దూడ ఏ ఆవు వెంట నడిస్తే ఆ ఆవు మీదున్న ముద్రే దూడకూ వేస్తారు. సాక్ష్యం అంతకు మించి లేదు. తల్లి చచ్చిందో తప్పిపోయిందో, ఏ ఆవు వెంటా పడని దూడ ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. మొదట్లో యజమానులే దూడకింత అని కాపరులకు డబ్బిచ్చి, అలాంటివాటికి తమ ముద్రలు వేయించుకున్నారు. 1884లో వయోమింగ్ టెరిటరీ మావరిక్ చట్టం చేసింది. దాని ప్రకారం రౌండప్‌లో దొరికిన ముద్ర లేని దూడలను వేలం వేయాలి, ఆ సొమ్ము వయోమింగ్ స్టాక్ గ్రోయర్స్ అసోసియేషన్‌కు చేరాలి. రౌండప్ నడిపేదీ ఆ సంఘమే, సంఘంలో ఉన్నదీ పెద్ద యజమానులే. నిన్నటిదాకా కూలి తెచ్చిన పని దొంగతనమైపోయింది. ‘రస్లర్’ అన్న మాటకూ అదే గతి పట్టింది. చురుకైనవాడు, కష్టపడి సంపాదించుకునేవాడు అన్న మెప్పు మాట పశువుల దొంగకు పేరైంది.

1889 జూలై 20న స్వీట్‌వాటర్ నది దగ్గర ఎల్లా వాట్సన్‌నూ జిమ్ అవెరిల్‌నూ పశువుల యజమానులు ఉరి తీసింది ఈ ఆరోపణ మీదే. ఎవరికీ శిక్ష పడలేదు. కాబట్టి పాలపిట్ట గారూ, మొదటిసారి వచ్చినచోట ‘తల్లి జాడ లేని, ముద్ర పడని దూడలు’ అని విడమరిచి రాయండి. ఆ తర్వాత ‘మావరిక్’ అనే ఉంచండి. ‘అనాథ దూడ’ వద్దు. జాలి తెస్తుంది గానీ హక్కు గొడవను దాచేస్తుంది.

పాలపిట్ట:
చాలా ఉపయోగం. ఇంకొకటి. అదే అధ్యాయంలో ‘స్లీపర్’ అని ఉంది, చిత్తుప్రతిలో ‘నిద్రపోతున్న దూడ’ అయింది. తనిఖీదారు దాని చెవి పట్టుకుని చూస్తాడు. చెవికీ నిద్రకూ సంబంధం ఏమిటి?

చిత్రావతి:
అది దొంగతనంలో ఒక పద్ధతి. ప్రతి మందకూ రెండు గుర్తులు ఉంటాయి, ఒంటి మీద కాల్చిన ముద్ర ఒకటి, చెవికి పెట్టిన గాటు ఒకటి. మన గొర్రెల కాపరులు చెవులకు పెట్టే గాట్ల లాంటిదే. దొంగ ఏం చేస్తాడంటే, దూడ తల్లి దగ్గర ఉండగానే అసలు యజమాని గాటు చెవికి పెడతాడు, ముద్ర మాత్రం వేయడు. రౌండప్ హడావుడిలో దూరం నుంచి చెవి చూసి, ముద్ర కూడా పడే ఉంటుందనుకుని వదిలేస్తారు. దూడ పాలు మరిచి తల్లిని విడిచాక దొంగ తిరిగొచ్చి, ఆ గాటును ఇంకాస్త కోసి తన గాటుగా మార్చి, తన ముద్ర వేసుకుంటాడు. అదను వచ్చేదాకా పక్కన పెట్టి ఉంచిన దూడ అన్నమాట. ‘చెవి గాటుతో దాచిన దూడ’ అంటే సరిపోతుంది.

మావరిక్‌లను పుట్టించడమూ ఉంది. తల్లిని కాల్చి చంపేవాళ్లు. లేదా దూడ పాలు కుడవలేకుండా దాని నాలుక చీల్చేవాళ్లు, అది గడ్డి పట్టి తల్లిని మరిచేది. నవలలో చీలిన నాలుక కనబడితే అది ఊరికే రాసిన వర్ణన కాదు, సాక్ష్యం.

ముద్ర వేయడం గురించి కూడా అనువాదాల్లో తప్పులు చూస్తుంటాం. ‘ఎర్రగా కాలిన ఇనుము’ అని రాసేస్తారు. ఎర్రటి ఇనుము వెంట్రుకలను మండిస్తుంది, చర్మం లోతుగా కాలి గుర్తు చెదురుతుంది. ఇనుము బూడిద రంగు తిరిగేంత వేడి కావాలి, కొన్ని సెకన్లు అదిమి పట్టాలి. చాలకపోతే వెంట్రుకలే కాలుతాయి, మళ్లీ పెరిగాక గుర్తు ఉండదు. దొంగలు కావాలని అలా చేసేవాళ్లు కూడా. ఒళ్లు తడిగా ఉంటే ఆవిరికి చర్మం ఉడికి ముద్ర అలుక్కుపోతుంది. ఇక ‘రన్నింగ్ ఐరన్’ అంటే పరిగెత్తే ఇనుము కాదు. అచ్చు లేని ఒట్టి కడ్డీ, కొన వంచి ఉంటుంది, కలంతో గీసినట్టు ఏ గుర్తయినా గీయొచ్చు. ఎఫ్‌ను ఈ చేయడానికి అడుగున ఒక్క గీత చాలు. అందుకే అది ఎవరి సంచిలోనైనా దొరికితే అనుమానం మొదలయ్యేది. దిద్దిన ముద్ర మీద తగువు వస్తే పశువును కోసి తోలు లోపలి వైపు చూసేవాళ్లు. పాత మచ్చకూ కొత్త మచ్చకూ తేడా అక్కడ తెలుస్తుంది.

నల్లరేగడి:
చిత్రావతి గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ‘వాత’ వాడకండి. వాత పెట్టేది జబ్బుకో శిక్షకో. సొత్తు గుర్తుకు ‘ముద్ర’ అనండి. యజమాని తెలియక ఊళ్లో తిరిగే, ముద్ర ఉన్న పశువు వేరే సంగతి. దాన్ని వాళ్లు ‘ఎస్ట్రే’ అంటారు. మన బందెలదొడ్డికి తోలే పశువు లాంటిది, మావరిక్‌తో కలపకూడదు.

పాలపిట్ట:
ఆఖరిది. ఉరి తీసేవాళ్లను చిత్తుప్రతిలో ‘పాసీ’ అన్నారు. మూలంలో ఆ మాట లేదు, ‘వాళ్లు’ అనే ఉంది.

కృష్ణాతీరం:
అయితే తీసేయాలి. పాసీ అంటే షెరిఫ్ చట్టప్రకారం పిలిచిన జనం. షెరిఫ్ అంటే కౌంటీ, అంటే మన జిల్లా లాంటిదాని ఓటర్లు ఎన్నుకున్న అధికారి, ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లను వెంట రమ్మనే హక్కు అతనికి ఉంటుంది. చెట్టు కింద తాడు పట్టుకున్నవాళ్లకు ఆ హక్కు లేదు. ఈ రెండూ ఎంత దూరమో 1892 ఏప్రిల్‌లో వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీలో కళ్లకు కట్టింది. పెద్ద యజమానులు టెక్సాస్ నుంచి తుపాకీ కూలీలను రప్పించి, రస్లర్లన్న పేరుతో కొందరిని చంపడానికి బయల్దేరారు. 9న కేసీ రాంచ్ అనే పశువుల క్షేత్రంలో నేట్ ఛాంపియన్‌నూ నిక్ రేనూ చంపారు. ఆ కబురు తెలిసి షెరిఫ్ రెడ్ ఆంగస్ జనాన్ని పోగుచేసి టీఏ రాంచ్‌లో వాళ్లను చుట్టుముట్టాడు. అంటే పాసీ చిన్న రైతుల వైపు నిలబడింది. చివరికి ప్రెసిడెంట్ హారిసన్ ఆజ్ఞతో ఫోర్ట్ మెకిన్నీ నుంచి అశ్విక దళం వచ్చి, ముట్టడిలో ఉన్న యజమానులను ప్రాణాలతో బయటికి తీసుకెళ్లింది. విచారణ ఖర్చు కౌంటీకి మోయలేనిదైంది, 1893లో కేసు కొట్టేశారు.

మీ ఘట్టంలో మూలం లాగే ‘వాళ్లు’ అనే ఉంచండి. పేరు తప్పనిసరైతే ‘యజమానుల మనుషులు’ అనండి. ‘పాసీ’ని తర్వాతి అధ్యాయాల్లో షెరిఫ్ వచ్చేచోటికి అట్టిపెట్టి, ‘షెరిఫ్ పిలిచిన జనం’ అని ఒకసారి చెప్పి వాడండి.