సంపాదనకి నిలకడ లేనప్పుడు లక్ష్యానికి తేదీ పెట్టుకోవచ్చా?

జిరాక్సు షాపు, పర్లాకిమిడి (2025 డిసెంబరు 20, రాత్రి 10:12)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు నెలలుగా తెగని గొడవ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాది ఒడిశా పర్లాకిమిడిలో, కాలేజీ దారిలో చిన్న జిరాక్సు షాపు. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, లామినేషన్, రీచార్జిలు. రీచార్జిలు ఇప్పుడు పేరుకే, ఎవరి ఫోన్‌లో వాళ్ళే చేసేసుకుంటున్నారు. అడ్మిషన్ల నెలల్లో ముప్పై వేలు కళ్ళజూస్తాను. దసరా దాటితే పధ్నాలుగు, పదిహేను. ఒక్కో నెల పదకొండు కూడా. అక్టోబరు చివర మొంథా తుఫాను వానలకి నాలుగు రోజులు షట్టరే ఎత్తలేదు.

విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిది ఈ ఏడు సంక్రాంతికి వచ్చి ఎక్సెల్ షీటు ఒకటి చేసిచ్చాడు. 2031 డిసెంబరుకి 5 లక్షలు, నెలకి 6 వేల చొప్పున 84 నెలలు. అమ్మాయి చదువు, మేడ మీద శ్లాబు, ఇంకా కొంత చేతిలో. మూడు వేలు పోస్టాఫీసు ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్), మూడు వేలు సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది). తొమ్మిది నెలలు ఎలాగోలా కట్టాను. ఆగస్టులో మిగిలింది దాచి సెప్టెంబరుకి కట్టాను. అక్టోబరు తప్పింది. నవంబరు కూడా తప్పింది. ఆ షీటులో ఆ రెండు గడులూ ఎర్రగా ఉన్నాయి. రాత్రి షాపు మూశాక వాటినే చూస్తూ కూర్చుంటున్నానని మా ఆవిడ గోల.

మా నాన్న ఒకటే మాట: "నెల గడిస్తే చాల్రా. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఎవడి లెక్క పనికొచ్చింది?" బావమరిదేమో "తేదీ లేకపోతే అది లక్ష్యం కాదు, కోరిక" అంటాడు. ఇద్దరి మధ్యా నాకు టెన్షన్. మీరేమంటారు?

మిల్లు క్వార్టర్సు, రాయగడ (రాత్రి 10:40)

నేను మీ బావమరిది పక్షం. నెల గడిస్తే చాలు అనుకున్న ఇంట్లో నెలే గడుస్తుంది, ఇంకేం జరగదు. పక్కన పెట్టని డబ్బుకి కాళ్ళొస్తాయి. ఎవరిదో పెళ్ళి, ఎవరికో చేబదులు, కొత్త ఫోను.

ఇంకో సంగతి చూడండి. ఫిబ్రవరికి ముందు రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే బ్యాంకులకి అదిచ్చే అప్పు మీద వడ్డీ, 6.50 శాతం. ఈ నెలకి 5.25కి వచ్చింది. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ దాంతోపాటే దిగుతోంది. పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) వడ్డీ మాత్రం 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గరే ఉంది, అదీ ఎన్నాళ్ళో. రోజులు బాగా లేవు కనక తర్వాత చూద్దాం అని కూర్చుంటే, ఆ తర్వాత వచ్చే వడ్డీ ఇంకా తక్కువ. కష్టకాలంలోనే తేదీ గట్టిగా పట్టుకోవాలి.

రెండు నెలలు తప్పితే తప్పింది. జనవరి నుంచి మళ్ళీ కట్టండి. దానికి ఇంత గొడవ దేనికి?

పట్టు కొట్టు కోడలు, బరంపురం (రాత్రి 11:05)

రాయగడ అన్నయ్యగారూ, మీకు ఒకటో తారీకు జీతం పడుతుంది. తేదీల గురించి మీరు మాట్లాడడం, ఈత వచ్చినవాడు గట్టు మీది వాడికి లోతు చెప్పినట్టుంది.

మా ఇంటి సంగతి చెప్తాను. మాది నేత కుటుంబం, మా మామగారి కాలం నుంచి బరంపురం పట్టు చీరల చిన్న కొట్టు కూడా ఉంది. 2020 వైశాఖానికి గృహప్రవేశం అని రెండేళ్ళ ముందే తేదీ పెట్టుకున్నాం. ఆ తేదీ అందుకోవడానికి గోడలు లేవగానే అప్పు తెచ్చాం. పెళ్ళిళ్ళ సీజన్ అమ్మకాలతో తీరుద్దాం అని. మార్చి 25న లాక్‌డౌన్. పెళ్ళిళ్ళు లేవు, చీరలు లేవు. నా నల్లపూసలు తప్ప మిగతాదంతా తాకట్టులోకి పోయింది. ఇల్లు 2023లో పూర్తయింది, అదీ మా ఊరి ఠాకురాణి అమ్మవారి జాతర అయ్యాక. ఇప్పుడు ఆలోచిస్తే మా నెత్తిన ఆ అప్పు పెట్టింది ఇల్లు కాదు, ఆ తేదీ. తేదీ లేకపోతే గోడలు ఇంకో రెండేళ్ళు వానలో తడిసేవి, అంతే కదా. గోడలకి వడ్డీ లేదు.

మా అమ్మమ్మ రూపాయల్లో లెక్కే వేసేది కాదు. తులాల్లో వేసేది. చేతికి వచ్చినప్పుడు అర తులం, లేనప్పుడు లేదు. ఆవిడ ఎప్పుడూ నిద్ర చెడగొట్టుకోలేదు.

మిల్లు క్వార్టర్సు, రాయగడ (రాత్రి 11:21)

అమ్మా, తులాల లెక్క అమ్మమ్మల కాలానికి బాగుండేది. 2020 ఆగస్టులో పది గ్రాములు 55 వేలు దాటితేనే ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఈ ఏప్రిల్‌లో లక్ష తాకింది, అక్టోబరుకి లక్షా ఇరవై వేలు దాటింది. పది తులాలు లక్ష్యం పెట్టుకున్నవాడికి లక్ష్యమే పరుగెడుతోంది, వీడు వెనకాల ఆయాసపడుతున్నాడు. పైగా బంగారం ఎవరమ్ముతారు చెప్పండి? మన ఇళ్ళల్లో అమ్మరు. తాకట్టు పెడతారు. అంటే కష్టం వచ్చిన రోజు దాచుకున్న సొమ్ము మీద మళ్ళీ వడ్డీ కట్టడం.

జీతం మాట అన్నారు. మిల్లులో కాంట్రాక్టు వాళ్ళని చూస్తే నా జీతం ఎంత గట్టిదో నాకూ తెలుసు.

పట్టు కొట్టు కోడలు, బరంపురం (రాత్రి 11:30)

ముందే కొనుక్కున్నవాళ్ళకి అదే పరుగు లాభం కూడా, అది వదిలేశారు మీరు. కాని తాకట్టు మాట నిజమే. ఒప్పుకుంటున్నాను.

సూరత్ మగ్గం (డిసెంబరు 21, తెల్లవారుజాము 1:15)

నైట్ డ్యూటీలో చదువుతున్నా. మాది గంజాం జిల్లా, బరంపురం దగ్గర పల్లె. ఇక్కడ పవర్‌లూమ్‌లో నేసిన గుడ్డకి మీటరు లెక్కన డబ్బులు. కరెంటు పోతే మీటరు లేదు, మీటరు లేకపోతే డబ్బు లేదు. దీపావళికి మగ్గాలు ఆగితే ఎన్నాళ్ళు ఆగుతాయో సేట్‌కే తెలీదు, మాకేటి తెలుస్తుంది.

2020లో చేతిలో పద్దెనిమిది వందలు ఉన్నప్పుడు లాక్‌డౌన్ పడింది. మే నెలలో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైలు ఎక్కే దాకా మెస్సు వాడు అరువు పెట్టాడు కనక బతికాను. అప్పట్నుంచి నాకు ఒకటే లక్ష్యం. మూడు నెలల గది అద్దె, మూడు నెలల మెస్సు, ఊరికి టికెట్టు. 40 వేలు. వేరే బ్యాంకులో ఉంటుంది, ఏటీఎం కార్డు ఊళ్ళో అమ్మ దగ్గర. తేదీ లేదు. నిండడానికి మొదటిసారి పద్నాలుగు నెలలు పట్టింది. నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు ఖాళీ అయింది. రెండోసారి ఎనిమిది నెలల్లో నిండింది.

అది నిండాకే ఇంకేదైనా. నా మాట ఇదే, డ్యూటీ ఉంది.

గుణుపురం మాస్టారు (ఉదయం 6:50)

సూరత్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళు కూడా మళ్ళీ చదవండి. అతను లక్ష్యాన్ని రూపాయల్లో చెప్పినా నిజానికి లెక్కపెట్టింది నెలల్లో. మూడు నెలలు పని లేకపోయినా బతకగలనా అని.

జిరాక్సు షాపు బాబూ, మీ షీటులో నాకు కనిపించిన తప్పు ఒకటుంది. అమ్మాయి చదువు, శ్లాబు, చేతి సొమ్ము మూడూ ఒకే గంపలో వేసి, 2031 అని ఒకే తాడుతో కట్టారు. ఆ మూడూ ఒక జాతివి కావు. అమ్మాయి ఇప్పుడు ఏం చదువుతోంది? ప్లస్ టూ అయితే ఆ తేదీ మీరు పెట్టేది కాదు. బోర్డు పెడుతుంది, కాలేజీ పెడుతుంది. ఫీజు కట్టే రోజు మీకు తుఫాను వచ్చిందా, బేరం లేదా అని వాళ్ళు అడగరు. శ్లాబు తేదీ మాత్రం పూర్తిగా మీ చేతిలోది. బరంపురం అమ్మాయి దెబ్బ తిన్నది అక్కడే. తన చేతిలో ఉన్న తేదీని పంతులుగారి ముహూర్తంలా పట్టుకుంది.

మీ నాన్నగారి తిత్లీ మాట తేలిగ్గా తీసెయ్యకండి. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. మా చుట్టాలకి నాలుగెకరాలుండేది. జీడిచెట్టు మళ్ళీ నాటితే కాపుకి మూడు నాలుగేళ్ళు. ఆ కుటుంబం పెట్టుకున్న తేదీలన్నీ ఒక్క రాత్రితో నాలుగేళ్ళు వెనక్కి పోయాయి. కాని వాళ్ళ కొడుకు డిప్లొమా ఫీజు మాత్రం ఆ మరుసటి జులైకే వచ్చింది. దానికి విడిగా పోస్టాఫీసులో వేసి ఉంచారు కనక చదువు ఆగలేదు. నేనే వెంటబడి వేయించాను, అదో గొప్ప అనుకోకండి.

నాగావళి గట్టు (ఉదయం 8:05)

చీటీ గురించి ఎవరూ మాట్లాడరేం? మా ఇంట్లో అమ్మ లక్ష్యాలన్నీ చీటీలతోనే తీరాయి. కుట్టుమిషను, అక్క పెళ్ళి, నా ఇంజనీరింగు మొదటి ఏడాది. అవసరం వచ్చినప్పుడు పాడుకోవచ్చు. నెలకి ఇంత కట్టకపోతే పదిమందిలో తలవంపు కనక క్రమశిక్షణ దానంతటదే వస్తుంది. ఆర్‌డీకి ఆ భయం లేదు.

మిల్లు క్వార్టర్సు, రాయగడ (ఉదయం 8:30)

ఆ చీటీ రిజిస్టరైనదేనా? చీటీ మొత్తం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన హద్దు దాటితే 1982 చీటీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2019 సవరణకి ముందు ఆ హద్దు వంద రూపాయలే. అదే సవరణలో నడిపేవాడి కమీషన్ కూడా 5 నుంచి 7 శాతానికి పెంచారు. మన వీధుల్లో నడిచేవి ఎన్ని రిజిస్టరైనవో చేతి వేళ్ళ మీద లెక్కపెట్టండి.

నాగావళి గట్టు (ఉదయం 8:52)

కాదు. చివరిదీ కాదు. అదే చెప్పబోతున్నాను. రెండేళ్ళ కిందట లక్ష చీటీలో పదిహేడు నెలలు కట్టాక నడిపేవాడు బోర్డర్ దాటి అవతల ఊరికి మకాం మార్చాడు. ఇక్కడి స్టేషన్‌కి వెళ్తే మనిషి ఆంధ్రాలో ఉన్నాడు అక్కడ పెట్టుకో అన్నారు. అక్కడికి వెళ్తే చీటీ ఒడిశాలో నడిచింది అక్కడే పెట్టుకో అన్నారు. కాగితం ముక్క లేదు, నోట్‌బుక్‌లో సంతకాలు. అయినా అమ్మ మళ్ళీ ఒక చీటీ వేసింది. ఈసారి మా మేనత్త నడుపుతోంది.

పట్టు కొట్టు కోడలు, బరంపురం (ఉదయం 9:10)

మేనత్త అయితే మరీ భయం. అడగలేరు కూడా.

మోడరేటర్ (ఉదయం 10:00)

డబ్బు రెట్టింపు చేస్తామన్న కంపెనీల పేర్లు, నంబర్లు పెట్టిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. చర్చ బాగుంది, కొనసాగించండి.

మిల్లు క్వార్టర్సు, రాయగడ (మధ్యాహ్నం 1:20)

మాస్టారి మాటతో సగం ఏకీభవిస్తాను. తేదీలు రెండు రకాలు, సరే. కాని మన చేతిలో ఉన్న తేదీ అని శ్లాబు సొమ్ము వదిలేస్తే అది ఎప్పటికీ పడదు. మా పెదనాన్న ఇల్లు ముప్పై ఏళ్ళుగా పైన ఇనుప ఊచలతోనే ఉంది. ఆ ఊచలకి బట్టలారేస్తారు.

గుణుపురం మాస్టారు (మధ్యాహ్నం 2:05)

ఆరెయ్యనివ్వండి. ఆ ఇంటి మీద అప్పు లేదు కదా.

జిరాక్సు షాపు, పర్లాకిమిడి (రాత్రి 10:30)

ఇవాళ ఆదివారం, షాపు లేదు. అందరివీ మా ఆవిడకి చదివి వినిపించాను. మాస్టారూ, మీరు ఊహించింది కరెక్టే. అమ్మాయి ప్లస్ టూ మొదటి ఏడు, సైన్స్. 2027 జులైకి ఏదో ఒక కాలేజీలో ఫీజు కట్టాలి. అంటే పద్దెనిమిది నెలలు. షీటులో 2031 చూస్తూ కూర్చున్నాను గాని ఈ పద్దెనిమిది నెలలు నాకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గేసింది.

మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని షీటు మార్చాం. శ్లాబు వరస కొట్టేశాను. చెరిపెయ్యలేదు, కింద పెట్టాను, తేదీ లేకుండా. ఇంటి ఖర్చు నెలకి పదకొండు వేలు తేలింది. సూరత్ తమ్ముడిలాగే మూడు నెలలు, అంటే 33 వేలు ముందు. ఇప్పుడు చేతిలో ఉన్నది తొమ్మిది వేలు. జూన్ నుంచి ఆగస్టు దాకా వచ్చే ఎక్కువ డబ్బు మొత్తం అమ్మాయి ఫీజుకే, మిగతా నెలల్లో ఎంత మిగిలితే అంత. నెలకి ఇంత అని లేదు, మూడు నెలల సీజన్‌కి ఇంత అని. రాయగడ అన్నా, మీ మాట కోసం ఒక్క తేదీ ఉంచాను. 2027 జులై.

ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బులు కూడా రాసుకోమంది మా ఆవిడ. ఏడాదికి పది వేలు, రెండు విడతలు. అది 2028-29 దాకానే కదా, అందుకని ఫీజు గడిలో రాశాం, వేరే ఎక్కడా లెక్క వెయ్యలేదు. ఆ డబ్బు తనది, నాది కాదు అని తనే రెండుసార్లు గుర్తు చేసింది. న్యాయమే.

నాన్నకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఎరుపు లేదేంరా?" అన్నారు.

ఒక్క డౌటు మిగిలింది. ఆర్‌డీలో రెండు నెలలు తప్పింది కదా, డిసెంబరు కూడా అనుమానమే. ఎకౌంటు పోతుందా?

మిల్లు క్వార్టర్సు, రాయగడ (రాత్రి 10:44)

పోదు. తప్పిన ప్రతి నెలకీ వందకి రూపాయి అపరాధం. మీ మూడు వేలకి నెలకి ముప్పై రూపాయలు. నాలుగు నెలలు తప్పితేనే ఎకౌంటు ఆగిపోతుంది, అప్పుడు కూడా రెండు నెలల్లోగా తిరిగి తెరిపించుకోవచ్చు. అక్టోబరుది ముందు కట్టెయ్యండి. సోమవారం పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే పెన్షన్ వాళ్ళ లైను ఉంటుంది.