క్యుల్మతాత్, హల్, శిశిరం: చుట్టరికం ఏ మాటకు?

ఎస్టోనియా జానపద కథలలో గడ్డకట్టించే చలికి మనిషి రూపమిచ్చి పిలిచే 'క్యుల్మతాత్' అన్న పేరులోని 'తాత్', మన 'తాత' ఒకటేనా అని ఒక మిత్రులు అడిగారు. ప్రశ్న చాలా బాగుంది. అందుకే కొంత వివరంగా రాస్తున్నాను.

'క్యుల్మ్' అంటే చలి, 'క్యుల్మ' దాని షష్ఠీ రూపం, అంటే 'చలి యొక్క'. 'తాత్' అంటే ముసలివాడు, తాత. కాబట్టి పేరుకు అర్థం చలితాత. ఎస్టోనియన్ భాషలో లింగభేదం లేదు. అతడన్నా ఆమె అన్నా 'తెమ' అనే ఒక్క సర్వనామమే. అందుచేత చలిని పురుషుడిగా చూపే భారమంతా ఆ బంధువాచకమే మోస్తోంది. 1940 జనవరి 17న యోగెవాలో ఉష్ణోగ్రత మైనస్ 43.5 డిగ్రీలకు పడిపోయిన దేశమది. అంతటి చలిని తాత అని పిలవడంలో భయం కలిసిన మర్యాద ఉందని నాకనిపిస్తుంది. మన పత్రికలు చలిని పులిని చేసి, పంజా విసిరిస్తాయి.

ఇక 'తాత్', 'తాత' మాటల సంగతి. పసిపిల్లలు మొదట పలికే త, ద, ప, మ వంటి ధ్వనులను పెద్దలు తమ పిలుపులుగా స్వీకరించడం లోకమంతటా ఉన్నదే. ఎస్టోనియన్‌ది ఫిన్నిష్ కూడా చేరే ఫిన్నిక్ శాఖ, తెలుగుది ద్రావిడ కుటుంబం. ఈ ఒక్క పోలికతో వాటికి చుట్టరికం కలపలేము.

అసలు చుట్టరికం, చెవికి ఏ పోలికా తట్టని మరో మాటలో ఉంది. రాత్రివేళ నేలమీద, పైరుమీద తెల్లగా పేరుకునే మంచును ఎస్టోనియన్లు 'హల్' అంటారు, దాని షష్ఠి 'హల్ల'. ఫిన్నిష్‌లోనూ ఇది 'హల్ల'యే. ఈ మాట ఫిన్నిక్ భాషలకు సొంతం కాదు. లిథువేనియన్ వంటి భాషలకు మూలమైన ప్రాచీన బాల్టిక్ భాష నుంచి ఎరువు తెచ్చుకున్నది. లిథువేనియన్‌లో నేటికీ ఆ మంచు 'షల్నా', చల్లనిది 'షల్తస్'. ఎరువు మాటలలోని షకారం ఫిన్నిక్‌లో హకారమైంది. ఆ షల్నాకు మూలమైన ఇండో-యూరోపియన్ ధాతువు నుంచే సంస్కృత 'శిశిర' శబ్దం పుట్టిందని భాషాచరిత్రకారులు చెబుతారు. అక్కడి లకారం సంస్కృతంలో రేఫగా (రకారంగా) మారింది, మొదటి అక్షరం 'శిశి' అని రెండుసార్లు వచ్చింది. అంటే మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న శిశిరమూ, వారు బాల్టిక్ నుంచి తెచ్చుకున్న హల్లూ, రెండు పరాయి ఇళ్లలో పెరిగిన ఒకే వంశపు బిడ్డలు. ఇలాంటిదే మరొకటి: బాతు జాతి పక్షిని వారు 'హని' అంటారు, లిథువేనియన్‌లో అది 'జాసిస్', మనకు సంస్కృతం ద్వారా వచ్చింది 'హంస'.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మలేరియాకు ఎస్టోనియన్ పాత పేరు 'హల్‌తొబి'. 'తొబి' అంటే జబ్బు. మన 'చలిజ్వరం' గుర్తుకు వచ్చి దానిని మంచుజబ్బు అని అనువదించాలనిపిస్తుంది. అయితే బూడిదరంగుకు కూడా ఆ భాషలో 'హల్' అనే అంటారు, దాని షష్ఠి మాత్రం 'హల్లి'. మంచు పడే రాత్రిని చెప్పే సమాసంలో 'హల్ల' అనే షష్ఠీ రూపం స్పష్టంగా నిలుస్తుండగా, జబ్బు పేరులో అది లేదు. 'బూడిదరంగు సీలు' వంటి సమాసాలలో విశేషణం ఇలా మూలరూపంలోనే ఉంటుంది కనుక, 'బూడిదరంగు జబ్బు' అన్న అర్థం వైపే నేను మొగ్గుతున్నాను.