‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’: తగ్గాల్సింది కోరీయేనా?

సుబేదారి_అమ్మాయి:
రాత్రి మా ఆయనా నేనూ ఈ 1967 సినిమా చూసి పోట్లాడుకున్నాం. ఆయన పాల్ వైపు, నేను కోరీ వైపు. కథ చెప్తా. ఆరు రోజుల హనీమూన్ అయ్యాక పాల్ (రాబర్ట్ రెడ్‌ఫోర్డ్), కోరీ (జేన్ ఫోండా) న్యూయార్క్‌లో ఐదో అంతస్తులో కాపురం పెడతారు. లిఫ్ట్ లేదు. పైకప్పు అద్దానికి చిల్లు, అందులోంచి ఇంట్లోకి మంచు. కోరీకి అదంతా సరదా. పాల్ కొత్త వకీలు, మర్నాడు కోర్టు. చలిలో పార్కులో చెప్పుల్లేకుండా నడవనన్నాడన్న మాట పెరిగి పెరిగి విడాకుల దాకా వస్తుంది. అప్పుడు తల్లి కూతురికే చెప్తుంది, నీలో కొంచెం వదులుకో, అతన్ని చూసుకో అని. ఎప్పుడూ అమ్మాయికే ఎందుకు చెప్తారు?

కాజీపేట_వకీలు:
నేను మీ ఆయన వైపు. పొద్దున్నే వాయిదా ఉన్నోడు రాత్రి కాగితాలు చూసుకోవాలా, పార్కులో తిరగాలా? ప్రాక్టీసు పెట్టిన కొత్తలో హన్మకొండలో మూడో అంతస్తు మీద రేకుల గదిలో ఉన్నాం. మే నెలలో రాత్రి పదకొండైనా గోడ మీద చెయ్యి పెట్టలేం. నీళ్ల క్యాన్లు నేనే మోసేవాణ్ణి. నాకైతే అందులో కామెడీ కనబడలేదు. మనం చెప్పులు విడిచి నడిచేది మొక్కుంటేనే!

సుబేదారి_అమ్మాయి:
అన్నా, ఆ రేకుల కింద పగలంతా ఉన్నదెవరు? వదినను అడిగారా?

కాజీపేట_వకీలు:
అడిగిన. నేను కోర్టుకు పోతే తను తడిబట్ట కప్పుకుని పడుకునేదట. ఇన్నేళ్లకు ఇప్పుడు చెప్తోంది. సరే, ఈ పాయింటు మీదే.

కరీంనగర్_మాస్టారు:
తల్లి మాట ఒక్కటే పట్టుకోకమ్మా. పాల్ కూడా మారాడు కదా. జలుబుతో ఉండి, తాగి, పార్కులో వట్టి కాళ్లతో తిరిగాడు. తీరా అతను కోరీ కోరినట్టే తయారయ్యాక, ఆమెకు ఆ పాత పాల్ కావాల్సి వచ్చాడు. ఈ సినిమాకు మూలమైన నీల్ సైమన్ 1963 నాటి నాటకంలోనే ఉంది ఈ తమాషా. ఇంకొకటి, ఆ తల్లి కూడా తక్కువదేం కాదు. పైవాటా ఆయనతో స్టాటెన్ ఐలాండ్ దాకా భోజనానికి పోయి, ఆ రాత్రి ఇంటికే చేరలేదు! తల్లిగా వేసిన మిల్‌డ్రెడ్ నాట్‌విక్‌కు ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు.

సుబేదారి_అమ్మాయి:
మాస్టారూ, పాల్ మారాడు, ఒప్పుకుంటా. కానీ కోరీ తెలివిలో ఉండి తగ్గింది, పాల్ మత్తులో మారాడు. ఆ రెండూ ఒకటెట్లయితయి? మళ్లీ కోర్టుకు పోయే రోజు ముందు రాత్రి ఎట్లుంటాడో సినిమా చూపించలేదు.