ఆక్స్‌లో పెడితే గొంతు, ట్రంపెట్ రెండూ మాయమవుతున్నాయి

క్రిస్ బోటి 2005 ఆల్బమ్ ‘టు లవ్ అగైన్’. ఆయన మెత్తని ట్రంపెట్‌కి స్టింగ్, గ్లాడిస్ నైట్ లాంటి అతిథుల గొంతులు తోడైన ఆల్బమ్. ఇయర్‌ఫోన్స్‌లో వింటే ప్రాణం లేచొస్తుంది. ఫోన్ నుంచి 3.5 మి.మీ. పిన్ను వైరుతో మా పాత స్టీరియో ఆంప్లిఫయర్ ఆక్స్‌కి (బయటి పరికరాలు కలిపే సాకెట్) కలిపితే మాత్రం గొంతు, ట్రంపెట్ రెండూ నూతిలోంచి వచ్చినట్టున్నాయి. బేస్ దాదాపు లేదు. చుట్టూ వయొలిన్లు మాత్రం నిక్షేపంగా వినిపిస్తున్నాయి.

వైరు మార్చాను, ఫోన్ మార్చాను, ఈక్వలైజర్ తీసేశాను. ఒక స్పీకరుకి ఎరుపు, నలుపు వైర్లు తిప్పి పెట్టినా తేడా లేదు. ఒక్క స్పీకరే ఉంచి విన్నా అంతే, అందుకే ఫేజ్ గొడవ (రెండు స్పీకర్లు ఒకదానికొకటి ఎదురుగా కదలడం) కాదనుకుంటున్నాను. అదే ఆంప్లిఫయర్‌లో ఎఫ్‌ఎం, పెన్‌డ్రైవ్ పాటలు శుభ్రంగా ఉన్నాయి. ఇక్కడ విజయనగరంలో ఒక రిపేరు షాపులో చూపిస్తే ‘రికార్డింగే అలా ఉంది’ అనేశారు. అది మాత్రం నేనొప్పుకోను.

ఆక్స్ సాకెట్ వెనక గ్రౌండ్ (కుడి, ఎడమ చానళ్లు రెంటికీ ఉమ్మడి కనెక్షన్) టంకం ఊడిందేమోనని నా అనుమానం. మల్టీమీటర్ ఉంది. బోర్డు విప్పే ముందు, ఏ రెండు చోట్ల పెట్టి చూస్తే అది ఖాయంగా తెలుస్తుంది?