పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 17కి: పాత సర్వర్ సరిగ్గా ఆగిందని తేల్చుకునేదెలా?

ప్రశ్న (చిత్తూరు)
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సర్వర్. కాటా లెక్కలు, రైతుల చెల్లింపులు అన్నీ ఇందులోనే. ఉబుంటు మీద పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వెర్షన్ 13. తోతాపురి సీజన్ అయిపోయింది కాబట్టి 17కి మార్చాలి. సర్వర్ ఆపాక లాగ్ చివర ‘డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షట్ డౌన్’ అనే ఉంది. వెర్షన్ మార్చే టూల్ పీజీ_అప్‌గ్రేడ్ మాత్రం సోర్స్ క్లస్టర్ (పాత డేటాబేస్) క్లీన్‌గా ఆగలేదంటోంది. ఏది నమ్మాలన్నా?

జవాబు 1
పీజీ_అప్‌గ్రేడ్‌నే నమ్మండి. ఇమ్మీడియట్ మోడ్‌లో, అంటే ఉన్నపళంగా ఆపినా లాగ్ చివర ఆ లైనే పడుతుంది. నాలుగు లైన్లు పైకి వెళ్లి ‘రిసీవ్డ్ ఫాస్ట్ షట్‌డౌన్ రిక్వెస్ట్’ అని ఉందో, ‘ఇమ్మీడియట్’ అని ఉందో చూడండి. ఫాస్ట్ అయితే చెక్‌పాయింట్ రాసి, అంటే మెమరీలోని మార్పులన్నీ డిస్క్‌కు చేర్చి ఆగుతుంది. ఇమ్మీడియట్‌లో చెక్‌పాయింట్ ఉండదు, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు డబ్ల్యూఏఎల్ (మార్పులు ముందుగా నమోదయ్యే లాగ్) నుంచి రికవరీ జరగాలి. 13 రాసిన డబ్ల్యూఏఎల్‌ను 17 చదవలేదు, పేచీ అక్కడే.

తేల్చేది సర్వర్ స్థితి నమోదయ్యే కంట్రోల్ ఫైల్. దాన్ని చదివి చూపే పీజీ_కంట్రోల్‌డేటాను డేటా డైరెక్టరీ మీద నడపండి, అదీ 13 బిన్ ఫోల్డర్‌లో ఉన్నదే. ‘డేటాబేస్ క్లస్టర్ స్టేట్’ ఎదురుగా ‘షట్ డౌన్’ అని మాత్రమే ఉండాలి. చెక్‌పాయింట్ లొకేషన్, రీడో లొకేషన్ (రికవరీ మొదలవ్వాల్సిన చోటు) కూడా ఒకటే అవ్వాలి.

ప్రశ్న అడిగినవారు
‘ఇన్ ప్రొడక్షన్’ అని ఉంది. లాగ్‌లో ఇమ్మీడియటే. ప్రాసెస్ ఒక్కటీ నడవడం లేదు.

జవాబు 2
అయితే ముందు డేటా డైరెక్టరీని అలాగే వేరే డిస్క్‌కు కాపీ చేసి, 13నే మళ్లీ స్టార్ట్ చేయండి. ‘ఆటోమేటిక్ రికవరీ ఇన్ ప్రోగ్రెస్’ అని వస్తుంది, భయపడొద్దు. ‘రెడీ టు యాక్సెప్ట్ కనెక్షన్స్’ వచ్చేదాకా ఆగి, కాటా దగ్గర అప్లికేషన్ మూసేయించి, ఫాస్ట్ మోడ్‌లో ఆపండి. సర్వర్‌ను ఆపే కమాండ్ పీజీ_సీటీఎల్ మామూలుగా 60 సెకన్లే ఎదురుచూస్తుంది. చెక్‌పాయింట్ పెద్దదైతే సరిపోదు, టైమౌట్ 600 ఇవ్వండి. ఆలస్యమవుతోందని కిల్ మైనస్ 9 కొట్టి ప్రాసెస్‌ను బలవంతంగా చంపితే మళ్లీ మొదటికొస్తుంది. డబ్ల్యూఏఎల్‌ను చెరిపేసే పీజీ_రీసెట్‌వాల్ జోలికి అస్సలు పోవద్దు. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు చెల్లింపుల ఎంట్రీలూ పోవచ్చు.

జవాబు 3
మీకు స్టాండ్‌బై (ప్రైమరీకి, అంటే అసలు సర్వర్‌కి నకలుగా నడిచేది) కూడా ఉంటే, దాన్ని ఆపి పీజీ_కంట్రోల్‌డేటా నడిపితే ‘షట్ డౌన్ ఇన్ రికవరీ’ అని వస్తుంది. దాన్ని నేరుగా అప్‌గ్రేడ్ చేయడం కుదరదు. ముందు ప్రైమరీని, తర్వాత స్టాండ్‌బైని ఆపి, రెండింటి చెక్‌పాయింట్ లొకేషన్ పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా ఆర్‌సింక్ (స్టాండ్‌బైకి ఫైళ్లు కాపీ చేసే టూల్) మొదలుపెట్టకండి.

ప్రశ్న అడిగినవారు
ఫాస్ట్ మోడ్‌లో ఆపాను. ఇప్పుడు ‘షట్ డౌన్’ అని ఉంది, రెండు లొకేషన్లూ ఒకటే. పీజీ_అప్‌గ్రేడ్ చెక్ ఆప్షన్‌తో (ముందస్తు పరీక్ష) కూడా దాటింది. పాత ఫైళ్లనే పంచుకునే లింక్ ఆప్షన్ లేకుండా కాపీ పద్ధతిలో నడుపుతున్నా.