జిల్లా మారింది, రేపు మున్సిపాలిటీ అంటున్నారు: మూసీ బఫర్, కుంట బఫర్ మారుతాయా?

మూసీ ఒడ్డు: అన్నలకు నమస్తే. మా ఊరు 2016 అక్టోబర్ 11 దాకా నల్లగొండ జిల్లా, ఆ రోజు నుంచి సూర్యాపేట. ఇప్పుడేమో పక్క మున్సిపాలిటీలో కలుపుతారని ఊరంతా ఒకటే మాట. రెండెకరాల పది గుంటల పట్టా ఉంది, ఒక దిక్కు కుంట, ఇంకో దిక్కు మూసీ, మధ్యలో వడ్లకు చిన్న గోదాము వేద్దామనుకుంటున్నా. నల్లగొండ ఆఫీసు ముద్ర ఉన్న పాత ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) చూపిస్తే "జిల్లానే మారింది, ఇదెందుకు పనికొస్తుంది" అని వెనక్కి పంపారు. బఫర్, అంటే నీళ్ల పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా, ఒకరు తొమ్మిది మీటర్లు అంటారు, ఒకరు ముప్పై, ఒకరు వంద. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

హాలియా వాగు: తమ్మీ, ముగ్గురూ తప్పు చెప్పలేదు, మూడూ ఒకే జీవోలో ఉన్నాయి. 2012లో వచ్చిన బిల్డింగ్ రూల్స్ జీవో 168 తీసి చూడు. చెరువు 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆ పైన ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. 9 మీటర్లంటే సుమారు 30 అడుగులు కదా, అందుకే సగం మంది అడుగులను మీటర్లు చేసి భయపెడతారు. జిల్లా మారినా, మున్సిపాలిటీలో కలిపినా ఈ లెక్క మారదు.

నది సంగతి వేరు. మున్సిపాలిటీ బయట 100 మీటర్లు, లోపల 50. అంటే మీ ఊరు కలిస్తే మూసీ అదే చోట పారుతుంది గానీ నీ చేనులో 50 మీటర్లు బయటపడతాయి. ఇది సబబేనా అంటే నాకైతే కాదు, వరద ఏమైనా హద్దు రాయి చూసి ఆగుతుందా? కానీ రూల్ అట్లనే ఉంది.

వాడపల్లి సంగమం: సరిహద్దు మారితే పెద్ద ఫైళ్లు ఎక్కడికి పోతాయో మా దామరచర్ల, మఠంపల్లి దిక్కు చూడాలి. 2014 జూన్ 2 దాకా కృష్ణకు అవతల ఇంకో జిల్లా, అంతే. ఆ రోజు నుంచి అవతల ఇంకో రాష్ట్రం. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లో ఒక షరతు ఉంది, రాష్ట్ర సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపు ఉంటే (మొదట్లో 10, దాన్ని 2014లోనే తగ్గించారు) రాష్ట్రంలోనే తేలే 'బీ' కేటగిరీ ప్రాజెక్టును కూడా కేంద్రం చూసే 'ఏ' కేటగిరీగానే చూస్తారు. ఏడాదికి 10 లక్షల టన్నుల లోపు సిమెంట్ ఫ్యాక్టరీ ఫైలు మామూలుగా హైదరాబాద్‌లో రాష్ట్ర అథారిటీ దగ్గర తేలాలి, ఇక్కడైతే ఢిల్లీకి పోతుంది. జిల్లాల మధ్య గీతకు అట్లాంటి షరతేమీ లేదు. నీ గోదాము 20 వేల చదరపు మీటర్లు దాటదు గనుక నీకు ఈ గొడవే లేదు.

మూసీ ఒడ్డు: మరి పాత ఎన్‌ఓసీ? నాలా కూడా అయిపోయింది.

హాలియా వాగు: జిల్లా మారినంత మాత్రాన అప్పటి అధికారి ఇచ్చిన కాగితం చెల్లకుండా పోదు. గడువు ఏమైనా రాసి ఉందా, సర్వే నంబర్ సరిపోతుందా, అది చూడు. చెల్లదు అంటే ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వమను, చాలాసార్లు అక్కడే స్వరం మారుతుంది. నాలా అంటే భూమి వాడకం మార్పు, అంతే. వాగు నాలాకూ దీనికీ పేరులోనే పోలిక, బఫర్ నుంచి మినహాయింపు రాదు.

మూసీ ఒడ్డు: కుంట రికార్డులో 12 ఎకరాలే, కాబట్టి 9 మీటర్లు, ఆ దిక్కు బేఫికర్. గోదాము అనుకున్న చోటు మాత్రం మూసీకి 70 మీటర్లే.

హాలియా వాగు: దేని నుంచి కొలిచినవ్? నీళ్ల అంచు నుంచి అయితే అది లెక్క కాదు. నది హద్దును ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు తేల్చి సర్టిఫై చేయాలి, ఎండాకాలం కొలత వేరు, హద్దు వేరు. దరఖాస్తు పెట్టి ఇద్దరినీ పిలిపించు. మున్సిపాలిటీ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా 100 అనే అనుకో, ఊర్లో మాట నమ్మి పునాది తవ్వకు.

మూసీ ఒడ్డు: సరే అన్నా, సోమవారం పోయి దరఖాస్తు ఇస్తా. చేను వెనక భాగంలో 110 మీటర్ల దగ్గర కొంచెం రాతి నేల ఉంది, అక్కడ వేస్తే ఎట్లుంటదో కూడా చూస్తా.