వేడెక్కగానే తిరిగిపోతున్న హ్యాండ్‌గార్డ్, ఏం చేయాలి?

బరువు తగ్గుతుందని ఏఆర్-15 రైఫిల్‌కు 13 అంగుళాల అల్యూమినియం ఫ్రీ ఫ్లోట్ హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్‌కు తగలకుండా, వెనక చివర మాత్రమే బిగించే చేతిపట్టు తొడుగు) వేశాను. చల్లగా ఉన్నప్పుడు ఇసుమంత కూడా కదలదు. వరసగా 40, 50 రౌండ్లు కాల్చాక మాత్రం కొద్దిగా పక్కకు తిరుగుతోంది. రిసీవర్ (బ్యారెల్ బిగించి ఉండే రైఫిల్ బాడీ) మీదా హ్యాండ్‌గార్డ్ మీదా కలిసేలా పెయింట్ గీత పెట్టి చూశాను, దాదాపు 1 మిల్లీమీటరు తేడా వచ్చింది. ఫ్రంట్ సైట్ దీని మీదే ఉంది కాబట్టి గురి కూడా తప్పుతోంది. అసలు టెన్షన్ అదే.

బ్యారెల్‌ను రిసీవర్‌కు పట్టి ఉంచే బ్యారెల్ నట్ (హ్యాండ్‌గార్డ్ బిగుసుకునేది దీని మీదే) విప్పి, థ్రెడ్‌లకు గ్రీజు రాసి, 45 ఫుట్-పౌండ్లకు మళ్లీ బిగించాను. నట్ కదలడం లేదు, దాని గుర్తు పెట్టిన చోటే ఉంది. నట్ పైభాగాన్నీ హ్యాండ్‌గార్డ్ లోపలి వైపునీ ఆల్కహాల్‌తో జిడ్డు లేకుండా తుడిచాను. హ్యాండ్‌గార్డ్‌ను నట్ మీద బిగించే రెండు క్లాంప్ స్క్రూలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులు కాకుండా వేసే జిగురు) వేసి, హ్యాండ్‌గార్డ్‌తో వచ్చిన కాగితంలో చెప్పినట్టే 35 ఇంచ్-పౌండ్లకు బిగించి, 24 గంటలు ఆరనిచ్చాను. అయినా అదే కథ. ఇంకా బిగిస్తే అల్యూమినియంలో థ్రెడ్‌లు ఊడిపోతాయని భయం.

ఈ హ్యాండ్‌గార్డ్‌కు రిసీవర్‌ను రెండు వైపులా పట్టి తిరగకుండా ఉంచే యాంటీ రొటేషన్ ట్యాబ్‌లు లేవు. కొనేటప్పుడు బరువు చూశాను గానీ ఇది చూసుకోలేదు, నాదే పొరపాటు.

ట్యాబ్‌లు లేని క్లాంప్ రకాన్ని వేడిలోనూ తిరగకుండా నిలబెట్టిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో చెప్తారా?